నోరు కట్టుకున్న రాత్రి

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏమీ రాసింది లేదు. మా ఊరి బళ్ళో అయిదో తరగతి దాకా తెలుగు చదివినాను, అంతే. పెండ్లిలో చదివింపుల కాడ పేరు రాయమన్నా పక్కన ఉండేవాళ్ళ చేతికి కలం ఇచ్చేసి తప్పుకొనేదాన్ని. అట్టాంటిదాన్ని ఇది రాస్తా ఉండానంటే, మా వీధి కుప్పమ్మక్కకు జరిగింది మనసులో పెట్టుకోలేకనే. ఆమె నాకు ఎట్ట చెప్పిందో అట్టే రాస్తాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

చెన్నపట్నంలో రెండు మెట్రో దారులు కలిసే స్టేషన్ ఒకటుండాది. భూమి కింద. దాని పేరు రాయను... రాస్తే రేపు ఆడ ఎవురూ దిగరు. పై అంతస్తులో ఒక దారి బండి, దాని కింద అంతస్తులో ఇంకో దారి బండి. పగటిపూట చూస్తే తిరణాల మాదిరి జనం. మొహం కనిపించేటట్టు మెరిసే నేల, ఒళ్ళు జిల్లుమనే గాలి.

చివరి బండి పోయినాక మాత్రం, కింద అంతస్తు కొసాన ఉండే లిఫ్టు కాడికి ఊడ్చేవాళ్ళు కూడా ఒంటిగా పోరంట.

ఎందుకంటే ఆడ ఒక గొంతు పిలుస్తుందంట.

అరవవాళ్ళను అరవంలో. హిందీవాళ్ళను హిందీలో. ఎవురి భాషలో వాళ్ళను... పలికినారా, అంతే. పలికినవాళ్ళ గొంతు అది ఎత్తుకొని పోతుందంట. ఊడ్చే పనికి వచ్చిన పిల్ల ఒకతె 'ఆఁ, ఎవురు?' అని పలికిందంట. ఇంటికి పోయినాక అమ్మను పిలవబోతే గాలి తప్ప మాట రాలేదంట.

ఈ కథ కుప్పమ్మక్కకు చెప్పినాయన ఆస్పత్రిలో వార్డు పని చేసే రాజమాణిక్యం. మింజూరాయన. రోగుల పక్కటెముకలు లెక్కపెట్టినట్టు చూస్తా కథలు చెప్పేవాడు.

"పలకకూడదమ్మా. దానికి కావాల్సింది మన గొంతే" అన్నాడు.

పక్కన కూర్చోనుండే జయరామ బావ, అంటే అక్క మొగుడు, అంత దుఃఖంలోనూ నవ్వినాడు. "మా కుప్పికి ఏం భయం లేదన్నా. దెయ్యం గాదు, నేను పిలిచినా పలకదు."

నిజమే. అక్కకు మాట తక్కువ. అంగడికి పోతే ఏం కావాలో చేత్తో చూపించేది. బస్సులో కండక్టరును చిల్లర అడగలేక దిగిపోయేది. వాళ్ళింట్లో మాటలంటే కూతురు మనస్వివే. "మా అమ్మకు పచ్చరంగు కావాలంట", "మా అమ్మకు కాఫీలో చక్కెర జాస్తి అయిందంట" అని తల్లి మాటలు కూడా ఆ పిల్లే మాట్లాడేది. వాగుడుకాయ.

ఆ పిల్ల తిరువళ్ళూరు కాలేజీ నుంచి వస్తా స్కూటీ మీద నుంచి పడింది. తలకు దెబ్బ. చెన్నపట్నం పెద్దాస్పత్రిలో వేసినారు. గొంతులో గొట్టం పెట్టి ఊపిరి పోసినారు. గొట్టం తీసినాక కండ్లు తెరిచింది. తెరిచి చూసేది... కానీ చూపు ఎవురి మీదా నిలిచేది కాదు. మాట లేదు.

ఒక్క మాట లేదు. 'ఊఁ' అని కూడా లేదు.

"వస్తే వస్తుంది, రాకపోతే ఇంతే. మేము చేసేది చేసినాము" అని డాక్టరు చెప్పి పోయినాడు.

ఆ సందకాడే అక్క మొక్కు కట్టుకునింది.

మా పక్క దాన్ని నోటికట్టు అంటాము. పూర్వం నోటికి తాళం మాదిరి బుగ్గలకు అడ్డంగా వెండి కడ్డీ, దాన్ని బీగం అంటారు, గుచ్చుకొని తిరుత్తణి కొండ ఎక్కేవాళ్ళంట. ఇప్పుడు పసుపుగుడ్డ. దీపం పెట్టి గుడ్డ నోటికి కట్టుకుంటే, కొండ మీద మురుగుని ముందర టెంకాయ కొట్టిందాకా విప్పకూడదు. మాట గాదు, మూలుగు కూడా బయటికి రాకూడదు. దావలో నోరు విప్పితే ఆ దోషం కట్టుకున్నవాళ్ళకు తగలదు. ఎవురి కోసరం కట్టుకున్నారో వాళ్ళకే తగులుతుంది.

తెల్లారితే ఆడికృత్తిక, మురుగుని పెద్ద పండగ. అక్క మనసులో అనుకునింది... 'మురుగా, నా మాట నువ్వు తీసుకో. నా బిడ్డ మాట నాకియ్యి.'

ఆస్పత్రి వసారాలో ఉండే చిన్న పిళ్ళయారు, అదే వినాయకుడు, ఆయన ముందర దీపం పెట్టి, పసుపు చీర కట్టి, గుడ్డ నోటికి బిగించుకునింది. మనస్వి లోపల మంచం మీద ఉండింది. ఆమె చూడలేదు.

జయరామ బావ గుడ్డ ముడి సర్దినాడు. "పెండ్లయినకాడి నుంచి నోరు కట్టుకొనే ఉండావు గదే. మురుగునికి నువ్వు కొత్తగా ఇచ్చేదేముంది?" అన్నాడు. అని, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అక్క తన ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఫోను ఎప్పుడో పాడైపోయిండాది. మాట్లాడనిదానికి ఫోనెందుకు?

బయట ఒకటే వాన. రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళు, ఆటోలు రామంటే రామన్నాయి. మెట్రో ఎక్కి, ఆ రెండు దారులు కలిసే కాడ బండి మారి, రైలు స్టేషనుకు పోతే తిరుత్తణి బండి దొరుకుతుంది. ఆ దావలో అక్క మొగుడి వెంబడి వచ్చి పోయుండాది. బావ కూతురిని ఇడిచి రాలేడు గాబట్టి ఒక్కతే బయలుదేరింది.

స్టేషన్లో దిగింది. పై అంతస్తు నుంచి నడిచే మెట్ల మీద కిందికి పోయింది. జనం పలచగా ఉండారు. బండి రావడానికి ఇంకా టైముండాది. లావుగా ఉండే స్తంభం వెనకాల ఒక బెంచీ కనిపిస్తే కూర్చునింది.

ఆస్పత్రి వసారాలో కండ్ల మీద కునుకు లేకుండా ఎన్ని రాత్రులు గడిచినాయో. చల్లటి గాలి. మెత్తటి చప్పుడు. రవ్వంత సేపు కండ్లు మూసుకుందామని...

కండ్లు తెరిచేసరికి చప్పుడు లేదు.

జనం లేరు. సగం లైట్లు ఆరిపోయినాయి. పట్టాల పక్కన గాజు గోడ, గాజు వెనకాల నల్లటి గుహ... అంతే.

అక్క గబుక్కున లేచింది. మెట్ల కాడికి ఉరికింది. నడిచే మెట్లు నిలిచిపోయిండాయి. నిలిచిన మెట్లు ఎక్కతా ఉంటే ఒక్కో మెట్టూ కాలును వెనక్కి లాగినట్టుండింది. పై అంతస్తు కూడా ఖాళీ. ఇంకా పైకి ఎక్కింది. బయటికి పోయే దావలో...

ఇనుప షట్టరు. నేలదాకా దించేసినారు.

ఇంకో పక్కకు పోయింది. ఆడా షట్టరే. మూడో పక్క... అదీ అంతే.

అక్క రెండు చేతుల్తో షట్టరు బాదింది. ఆ చప్పుడు లోపలికే తిరుక్కొని, అంతస్తులంతా దొర్లి, కింద యాడనో అణిగిపోయింది. బయట వాన చప్పుడు వినిపిస్తా ఉండాది. ఆ పక్క మనుషులుండారు, దీపాలుండాయి, గాలుండాది. ఈ పక్క ఆమె ఒక్కతే.

'ఎవురైనా ఉండారా' అనే కేక గొంతు దాకా వచ్చింది. పండ్లు బిగించి మింగేసింది. గుడ్డ మీద అరచెయ్యి గట్టిగా పెట్టుకునింది.

అప్పుడు తెలిసింది అక్కకు. ఇన్నేండ్లూ మాట్లాడకుండా ఉండింది తన ఇష్టానికి. ఇప్పుడు మాట్లాడకూడదు. రెండూ ఒకటి గాదు.

గోడకు ఒక ఎర్ర గుండీ పెట్టె కనిపించింది. ఆపదొస్తే నొక్కి మాట్లాడమని బొమ్మ వేసుండారు. అక్క నొక్కింది. పెట్టెలో గరగరమనింది. ఒక మగగొంతు...

"హలో? యారు?"

అక్క పెట్టె మీద గోటితో కొట్టింది. టక్... టక్... టక్.

"యారు? ఎన్న వేణుం? పేసుంగ!"

ఎవురు, ఏం కావాలి, మాట్లాడమని అరవంలో అడగతా ఉండాడు. ఒక్క మాట చాలు. 'ఉండాను' అంటే చాలు. అక్క ఊపిరి మాత్రం గుడ్డలోంచి బుసబుసమని పెట్టెలోకి పోతా ఉండింది. మళ్ళీ కొట్టింది. టక్... టక్...

అవతల నుంచి "మురుగా... మురుగా..." అని గొణుగుడు వినిపించింది. గబుక్కున ఆగిపోయింది.

పైన కెమెరా కనిపిస్తే దాని ముందర నిలబడి రెండు చేతులూ ఊపింది. చీర కొంగు ఊపింది. నోటి గుడ్డ చూపించింది. దండం పెట్టింది. కెమెరా ఎర్రటి కన్నుతో చూస్తా ఉండిపోయింది. ఎవురూ రాలేదు.

సరే, తెల్లారిందాకా ఈడనే కూర్చుందాం, పొద్దున్నే తలుపులు తీస్తారు గదా అని మనసుకు చెప్పుకునింది. కొండకు పోయేది ఆలస్యమైనా నోరు కట్టుకునే ఉంటే మొక్కు చెడదు. మోకాళ్ళు దగ్గరికి లాక్కొని షట్టరుకు ఆనుకొని కూర్చునింది.

అప్పుడు వినిపించింది.

కింద నుంచి. శానా కింద నుంచి...

"అమ్మా..."

అక్క చప్పున తలెత్తింది.

"అమ్మా... యాడుండావు?"

తెలుగు. మన పక్క తెలుగు. గొంతు మాత్రం... అది మనిషి గొంతా? ఆడగొంతే గానీ బండరాయి మీద రంపం లాగినట్టు బొంగురు. పిల్లో ముసలో తెలీదు. రాజమాణిక్యం మాటలు చెవిలో గింగురుమన్నాయి... ఎవురి భాషలో వాళ్ళను.

అక్క చెవులు మూసుకునింది. మూసుకున్నా వినిపించింది.

"చీకటిగా ఉండాది... తలుపు రాలేదు... ఊపిరాడలా..."

మధ్యలో ఠక్కుమని గాజు మీద కొట్టిన చప్పుడు. మళ్ళీ ఠక్కు. ఆ కొట్టడంలో బలం లేదు.

పోకూడదు. పోతే పలకమంటుంది. పలికితే మొక్కు పోతుంది, గొంతూ పోతుంది. రెండు పక్కలా నష్టమే. మురుగుని పేరు మనసులో అంటా కూర్చునింది.

కానీ ఒక మాట మనసులో దూరి కదలనంటా ఉండింది... దెయ్యానికి ఊపిరెందుకు ఆడదు?

వాన కాలంలో కరెంటు పోయి లిఫ్టులో ఎవురైనా ఇరుక్కోనుంటే? కృత్తికకు పోతా ఉండే మన పక్క మనిషే అయితే?

లేచింది. నిలిచిన మెట్లు దిగింది. పై అంతస్తు... ఇంకా కిందికి... కొసాన లిఫ్టు కాడికి.

లిఫ్టులో పలచటి వెలుగుండాది. నీళ్ళలో పడిన దీపం మాదిరి. పెట్టె సగం నేలలోకి దిగి సగం పైనుండాది. గాజు మీద లోపలి పక్క ఆవిరి పట్టిండాది. ఆవిరి వెనకాల ఒక ఆకారం ముడుచుకొని కూర్చోనుండాది. మొహం కనపడలా.

గాజు మీద ఒక అరచెయ్యి ఆనిండాది.

అక్క దగ్గరికి పోయింది. లోపల ఆకారం తల ఎత్తింది.

"ఎవురమ్మా నువ్వు?"

అక్క చెయ్యి ఊపింది. నోరు చూపించింది. లేదు, మాట్లాడకూడదు అని సైగ చేసింది.

"ఎందుకట్ట చూస్తావు... పలకవా?"

మళ్ళీ సైగ చేసింది. దండం పెట్టింది. లిఫ్టు తలుపు సందులో వేళ్ళు పెట్టి లాగింది. గోళ్ళు లేచిపోయినాయి గానీ తలుపు కదల్లేదు. చేతి సంచీలోంచి టెంకాయ తీసి గాజు మీద కొట్టబోయింది...

లోపలి ఆకారం గభాల్న వెనక్కి జరిగింది. మూలకు పోయి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకునింది.

"దెయ్యమా నువ్వు?"

అక్క చెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది.

ఆ గొంతు తనను చూసి భయపడతా ఉండాది. పసుపు చీర, ఇరబోసుకున్న జుట్టు, కట్టేసిన నోరు, చేతిలో టెంకాయ... రాత్రిపూట మాట్లాడకుండా వచ్చి నిలబడితే ఇంకేమనుకుంటారు?

"మనిషివైతే పలుకు..." అనింది లోపలి గొంతు. "ఒక్కసారి పలకమ్మా... నాకు భయంగా ఉండాది..."

ఆ మాట సగంలోనే ఊపిరి అందక ఆగిపోయింది. గాజు మీద చెయ్యి మెల్లగా కిందికి జారతా ఉండింది.

అక్క కండ్ల ముందర మంచం మీద మనస్వి కనిపించింది. తెరిచిన కండ్లు, మూసిన నోరు. నోరు విప్పితే ఆ నోరు ఇంక తెరుచుకోదు. ఈ జన్మకు 'అమ్మా' అనదు. తన చేతుల్తో తన బిడ్డ గొంతు నొక్కినట్టే.

విప్పకపోతే... ఇదో, ఈ చెయ్యి జారిపోతా ఉండాది. ఇది ఎవురి బిడ్డో. దీని కోసరం యాడనో ఒక తల్లి కండ్లు కాయలు గాసేటట్టు చూస్తా ఉంటుంది.

"మురుగా, నన్ను చంపు. నా బిడ్డను మాత్రం ఏమీ చెయ్యొద్దు" అని లోపల అనుకునింది. ముడి వానకు తడిసి బిగుసుకొనిపోయిండాది. విప్పేదానికి రాలేదు. గుడ్డ పట్టుకొని గొంతు కిందికి లాగేసింది.

నోరు తెరిచింది. మాట రాలేదు. గాలి తప్ప రాలేదు.

'పోయింది... నా గొంతూ ఎత్తుకొని పోయింది...'

మళ్ళీ తెరిచింది. ఈ తూరి కడుపులోంచి తెచ్చుకునింది.

"ఉండాను తల్లీ!"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అంత పెద్దగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఈడే ఉండాను. యాడికీ పోలా. నేను మనిషినే, భయపడొద్దు. మెల్లగా ఊపిరి తీసుకో... అట్ట... ఇంకోసారి... నేను ఈడనే ఉంటాను, నిన్ను ఇడిచి పోను తల్లీ..."

ఏం మాట్లాడుతుందో ఆమెకే తెలీదు. వచ్చింది వచ్చినట్టు మాట్లాడింది. గాజు మీద జారతా ఉండే చెయ్యి నిలిచింది. మెల్లగా పైకి వచ్చింది. ఇవతల నుంచి అక్క తన చెయ్యి దాని మీద ఆనించింది. గాజు వెచ్చగా ఉండింది.

తరవాత ఆ అంతస్తు గోడకుండే ఎర్ర గుండీ కాడికి ఉరికింది. గుద్దింది.

"అయ్యా! ఎవురయ్యా పైన! లిఫ్టులో మనిషి ఇరుక్కోనుండాది, ఊపిరాడలా! బిరీన రా సామీ! వస్తావా రావా!"

ఒక్క క్షణం గరగర.

"అమ్మా... మీరు మనిషేనా?" అనింది ఆ మగగొంతు, తెలుగులో.

"మనిషి గాకుంటే ఏంది! రావయ్యా!"

కాపలాదారు పరిగెత్తతా వచ్చినాడు. చేతిలో టార్చిలైటు, నొసట్లో అప్పుడే పూసుకున్న విభూతి గడ్డలు గడ్డలుగా. పేరు నాగలింగం. పొన్నేరి పక్క. దగ్గరికి రాకుండా దూరం నుంచే అక్క కాళ్ళ మీద లైటు వేసి చూసినాడు.

"తప్పుగా అనుకోవద్దు అక్కా. కెమెరాలో మిమ్మల్ని చూసినా. పసుపు చీర, నోటికి గుడ్డ, చేతులు ఊపడం... వాయబ్బ! గదికి గడియ పెట్టుకొని కూర్చున్నా. గొంతు విన్నాక గదా మనిషని తెలిసింది" అన్నాడు. "బండి పోయినాక కిందికి దిగి చూసుండాల. భయపడి పైనుంచే చూసి మూసేసినా. ఎవురికీ చెప్పొద్దక్కా."

"అదంతా తరవాత. ముందు తలుపు తియ్యి" అని అక్క ఆయన చెయ్యి పట్టుకొని లాక్కొని పోయింది.

లిఫ్టులో వెలుగు లేదు.

నాగలింగం తాళంచెవి పెట్టి, కడ్డీతో తలుపు సందు చేసి, ఇద్దరూ లాగినారు. టార్చి వేసినాడు.

లోపల ఎవురూ లేరు.

"ఈడనే ఉండింది" అనింది అక్క. "ఇప్పుడే... నాతో మాట్లాడింది... లైటు కూడా ఉండింది గదా..."

నాగలింగం అక్క మొహం చూసినాడు. "అక్కా, ఈ లిఫ్టు మధ్యాన్నమే చెడిపోయింది. అప్పట్నుంచీ దీనికి కరెంటే లేదు."

అంటానే గాజు మీద లైటు వేసినాడు. వేసి, వెంటనే తీసేసినాడు. లోపలి పక్క ఆవిరి. ఆవిరిలో అరచెయ్యి గుర్తు. చూస్తా ఉండగానే కరిగి కిందికి కారిపోతా ఉండాది.



అక్క అట్టే నేల మీద కూలబడిపోయింది. మోసపోయింది. లేని మనిషి కోసరం నోరు విప్పింది. రాజమాణిక్యం చెప్పినట్టే అయింది... కాకుంటే గొంతు తనది గాదు, తన బిడ్డది పోయింది.

"నా బిడ్డ నోరు నేనే మూసేసినాను సామీ... నా చేత్తో నేనే..."

నాగలింగానికి ఏమీ అర్థం కాలేదు. నీళ్ళ సీసా ఇచ్చినాడు. తాగలేదు.

"ఒక్క ఫోన్ చెయ్యి నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆస్పత్రికి."

తన నెంబరే తడబడతా చెప్పింది. మోగింది... మోగింది... మోగతానే ఉండింది. ఎవురో ఎత్తినారు. మాట లేదు. ఏడుపు.

జయరామ బావ ఏడుస్తా ఉండాడు.

అక్క ఫోను లాక్కొని చెవికి అదుముకునింది. "ఏమయ్యా... ఏమైందయ్యా..."

"కుప్పీ? నువ్వేనా? నువ్వు మాట్లాడతా ఉండావా?"

"మాట్లాడినా. నన్ను తిట్టు, కొట్టు. బిడ్డ ఎట్టుండాది చెప్పు!"

"ఇప్పుడే... రవ్వంత సేపు ముందరే... మంచం మీద గింజుకునిందే. ఊపిరాడలా, ఊపిరాడలా అనింది. నిన్నే పిలిచింది. నర్సు పరిగెత్తి వచ్చింది. చెయ్యి ఎత్తి గాలిలో తడుముకునింది. ఇంక పోయిందనే అనుకున్నా కుప్పీ... అంతలో ఎవురో పలికినట్టు నెమ్మదించింది. కండ్లు తిప్పి నన్ను చూసింది. 'అమ్మ యాడ' అనింది. ఇదో, ఇదో, నువ్వే విను..."

గుడ్డల చప్పుడు. ఊపిరి చప్పుడు. తరవాత...

బండరాయి మీద రంపం లాగినట్టు బొంగురు గొంతు. గొట్టం పెట్టి తీసిన గొంతు.

"అమ్మా... యాడుండావు?"

అక్క తల తిప్పి లిఫ్టు పక్క చూసింది. చీకటి పెట్టె. ఖాళీ.

ఆ గొంతే. ఆ మాటే.

"ఉండాను తల్లీ" అనింది అక్క. "ఈడే ఉండాను. వస్తా ఉండాను."

నాగలింగం షట్టరు ఎత్తినాడు. వాన నిలిచిపోయిండాది. అక్క రైలు స్టేషను పక్కకు తిరగలేదు. ఆ నీళ్ళలోనే నడుచుకుంటా ఆస్పత్రికి పోయింది.

పోయేసరికి బిడ్డ నిద్రపోతా ఉండింది. తల కాడ కూర్చునింది. తెల్లవారుతుండగా మనస్వి కండ్లు తెరిచి తల్లి మొహం చూసి, చెయ్యి పట్టుకొని, ఒక్కో మాటా ఏరుకున్నట్టు చెప్పింది.

"ఏదో గాజు పెట్టెలో ఉండినాను అమ్మా... తలుపు రాలేదు. బయట ఒకామె నిలబడుండింది. పసుపు చీర. నోటికి గుడ్డ... ఎంత పిలిచినా పలకలేదు. శానా భయమేసింది. ఎవురమ్మా ఆమె?"

జయరామ బావ అక్కను చూసినాడు. నోటికట్టు సంగతి బిడ్డకు ఎవురూ చెప్పలేదు. గుడ్డ అప్పటికే అక్క సంచీలో అడుగున ఉండాది.

"ఎవురో... దావ తప్పి వచ్చినట్టుండాది. పోయిందిలే" అనింది అక్క.

ఆ పొద్దు ఆడికృత్తిక. తిరుత్తణి కొండ మీద ఎంత జనమో. అక్క పోలేదు. మురుగునికి కోపమొస్తే తరవాత కొండకు పోయి చెప్పుకుంటాననింది.

ఆ పొద్దంతా మనస్వి ఊరికే పిలిచేది. కండ్లు మూసుకొని ఒకసారి, తెరిచి ఒకసారి. ఏం కావాలంటే ఏమీ వద్దనేది. మళ్ళీ కాసేపటికి, "అమ్మా..."

"అదేందే ఊరికే పిలుస్తావు, అమ్మ ఎదురుగానే ఉండాది గదా" అన్నాడు బావ.

అక్క మాత్రం పిలిచిన ప్రతిసారీ, వార్డులో ఆ కొసాన మంచాలవాళ్ళు కూడా తిరిగి చూసేటట్టు, గట్టిగా పలికింది.